జపాన్ బడుల్లో సహాయక ఇంగ్లిష్ టీచరుగా మనవాళ్ళను తీసుకుంటారా?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెప్పి జవాబులోకి వెళ్తాను. మీది ఒడిశాలోని రాయగడ జిల్లా, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఐదో తరగతి వరకు ఒడియా మాధ్యమంలోనూ, ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మాధ్యమంలోనూ చదివి బరంపురంలో ఇంగ్లిష్ ఎం.ఏ. పూర్తిచేశారు. జపాన్ ప్రభుత్వ పాఠశాలల్లో సహాయక భాషా టీచరు ఉద్యోగానికి, అంటే అక్కడ ఏఎల్‌టీ అని పిలిచే ఉద్యోగానికి, మనలాంటివారిని తీసుకుంటారా, ఇంగ్లిష్ మన మాతృభాష కాకపోవడం అడ్డు వస్తుందా, విశాఖపట్నంలో ఒక ఏజెంటు రెండు లక్షల రూపాయలు అడుగుతున్నాడు, కట్టవచ్చా అని అడిగారు.

తీసుకుంటారు. మాతృభాష కాకపోవడం దానంతట అది అడ్డంకి కాదు. అయితే మీరు ఎన్ని సంవత్సరాలు ఇంగ్లిష్ మాధ్యమంలో చదివారన్నది కాగితాల మీద రుజువు కావాలి, మీ విషయంలో ఆ లెక్క సరిగ్గా అంచు మీద ఉంది. ఏజెంటుకు మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. ఈ మూడింటికీ కారణాలు కింద వివరిస్తాను.

నాది పర్లాకిమిడి. షికోకు దీవిలోని ఎహిమే ప్రిఫెక్చరులో (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం), ఒక చిన్న పట్టణపు విద్యామండలి, అంటే అక్కడి ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ కింద ప్రాథమిక పాఠశాలల్లోనూ ఒక మాధ్యమిక పాఠశాలలోనూ కొన్ని సంవత్సరాలు ఈ ఉద్యోగం చేశాను. ఇప్పుడు గుణుపురంలో ఇంగ్లిష్ బోధిస్తూ, ఈ దారిలో వెళ్ళాలనుకునే మన జిల్లాల పిల్లలకు దరఖాస్తుల విషయంలో సహాయం చేస్తున్నాను. అందువల్ల రాయగడ, గజపతి, గంజాం జిల్లాల చదువుల కాగితాలు ఎలా ఉంటాయో, వాటిలో ఎక్కడ చిక్కులు వస్తాయో నాకు బాగా తెలుసు.

ముందుగా మాధ్యమం సంగతి. జపాన్ పాఠశాలల్లో పనిచేయడానికి ఇచ్చే వీసా బోధకుల వర్గానికి చెందినది. విదేశీ భాష బోధించేవారికి ఆ దేశపు వలస నిబంధనలు పెట్టిన షరతు ఏమిటంటే, ఏ భాష బోధిస్తారో ఆ భాషా మాధ్యమంలో 12 సంవత్సరాలకు తక్కువ కాకుండా చదివి ఉండాలి. మీరు ఏ దేశస్థులన్నది కాదు, ఏ మాధ్యమంలో ఎన్నేళ్ళు చదివారన్నదే అక్కడ ప్రశ్న. అమెరికా, బ్రిటన్ వంటి దేశాలవారికి ఇది పుట్టుకతోనే తీరిపోతుంది కాబట్టి వారి మాటల్లో ఈ షరతు పెద్దగా వినిపించదు. మనవాళ్ళకు మాత్రం అసలు పరీక్ష ఇదే.

మీ లెక్క చూద్దాం. ఆరు నుంచి పది వరకు అయిదేళ్ళు, ప్లస్ టూ రెండేళ్ళు, ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, మూడేళ్ళు, ఎం.ఏ. రెండేళ్ళు, మొత్తం 12. సరిపోయింది, కానీ ఒక్క ఏడాది రుజువు తప్పినా 11 అవుతుంది. కాబట్టి మీరు చదివిన ప్రతి విద్యాసంస్థ నుంచీ, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఏ మాధ్యమంలో చదివారో స్పష్టంగా రాసిన ధ్రువపత్రం, సంస్థ లెటర్‌హెడ్ మీద, ప్రిన్సిపాల్ సంతకం, ముద్రలతో తీసుకోండి. మన జిల్లాల్లో కొన్ని బడులు పేరుకు ఇంగ్లిష్ మీడియం అయినా, రికార్డుల్లో ఒడియా మీడియం కిందనే నడుస్తుంటాయి. మరికొన్నిటిలో ఒకే ప్రాంగణంలో రెండు మాధ్యమాలూ ఉంటాయి. మీ బడి ఆ కోవలోదైతే హెడ్మాస్టరు గారిని ఇప్పుడే కలిసి రిజిస్టరు చూపించమని అడగండి. ఆయన రిటైరయ్యాకనో, బడి మరొకదానిలో విలీనమయ్యాకనో ఆ కాగితం సంపాదించడం చాలా కష్టం.

రెండో చిక్కు పేరు. మన తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు ముందు వస్తుంది, బడి రిజిస్టరులో అది ఒక పొడి అక్షరంగా మిగిలిపోతుంది. ఒడిశా కార్యాలయాల్లో మాత్రం ఇంటిపేరును చివర రాయడం అలవాటు. ఫలితంగా మెట్రిక్ సర్టిఫికెట్లో ఒక రకంగా, డిగ్రీలో ఒక రకంగా, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుతో మరో రకంగా పేరు ఉంటుంది. జపాన్‌లో అక్షరం తేడాను కూడా వేరే మనిషిగానే చూస్తారు. కటక్‌లోని బోర్డ్ ఆఫ్ సెకండరీ ఎడ్యుకేషన్ ఇచ్చిన మెట్రిక్ సర్టిఫికెట్‌ను ఆధారంగా పెట్టుకొని, మిగిలినవన్నీ దానికి సరిపోయేలా దిద్దించుకోవడం మంచిది. పాస్‌పోర్టు కొత్తగా తీసుకుంటుంటే ఇంటిపేరు, పేరు ఏ గడిలో రాస్తున్నారో రెండుసార్లు చూసుకోండి. దరఖాస్తు పిలుపు వచ్చాక ఈ పనులు మొదలుపెట్టినవారెవరూ గడువులోగా పూర్తిచేయడం నేను చూడలేదు.

ఇక దారులు. ముఖ్యమైనది జెట్ కార్యక్రమం, అంటే విదేశీయులను సహాయక భాషా టీచర్లుగా అక్కడి బడులకు తీసుకునే ప్రభుత్వ పథకం. జపాన్ ప్రభుత్వం 1987లో దీనిని ప్రారంభించింది. అక్కడి అంతర్గత వ్యవహారాల శాఖ, విదేశాంగ శాఖ, విద్యాశాఖ, స్థానిక ప్రభుత్వాలతో కలిసి దీన్ని నడుపుతాయి. ఎంపిక మన దేశంలోని జపాన్ రాయబార కార్యాలయం ద్వారా జరుగుతుంది. ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉంటే చాలు. ఇంగ్లిష్ ఉచ్చారణ, లయ, స్వరం స్పష్టంగా ఉండాలని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. ఒప్పందం ఏడాదికి ఒకటి, ఇరుపక్షాలూ అంగీకరిస్తే గరిష్ఠంగా అయిదేళ్ళ వరకు పొడిగించుకోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి మొదటి ఏడాది జీతం సుమారు 40 లక్షల 20 వేల యెన్లు. ఇంటి అద్దె, ఆరోగ్య బీమా, పింఛను, పన్నులు అందులోనుంచే పోతాయి. వెళ్ళేటప్పుడు విమానం టికెట్టు ఉద్యోగం ఇచ్చే సంస్థే భరిస్తుంది, దరఖాస్తుకు రుసుము లేదు. భారతదేశం నుంచి ఎంపికయ్యేవారి సంఖ్య చాలా తక్కువ. ఒక ఏడాది రాలేదంటే మీలో లోపం ఉన్నట్టు కాదు, మరుసటి ఏడాది మళ్ళీ ప్రయత్నించాలి.

రెండో దారి, పట్టణ విద్యామండళ్ళు నేరుగా నియమించుకోవడం. ఇవి ఎక్కువగా అప్పటికే జపాన్‌లో ఉన్నవారికే దక్కుతాయి. మూడోది, విద్యామండళ్ళకు టీచర్లను సరఫరా చేసే ప్రైవేటు కంపెనీలు. వీటిలో మంచివీ ఉన్నాయి. అయితే జీతం జెట్ కన్నా బాగా తక్కువగా ఉంటుంది, వేసవి సెలవులున్న ఆగస్టులో జీతంలో కోత పెట్టే ఒప్పందాలు మామూలు. సంతకం చేసే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగండి. మిమ్మల్ని ఉద్యోగుల ఆరోగ్య బీమా, పింఛను పథకంలో చేరుస్తారా? బడి మీకు నేరుగా పని చెప్పగల పద్ధతిలో పంపుతున్నారా, లేక పాఠం మొత్తాన్ని కంపెనీకే కాంట్రాక్టుకు ఇచ్చిన పద్ధతిలోనా? రెండో పద్ధతిలో తరగతిలోని జపాన్ టీచరు మీకు సూచనలు ఇవ్వడానికి కూడా కార్మిక చట్టం ఒప్పుకోదు. అటువంటి చోట ఇద్దరూ కలిసి పాఠం చెప్పడం ఎలా సాధ్యమవుతుంది? సహాయక టీచరు ఉద్యోగానికి ప్రాణమే కలిసి చెప్పడం.

ఏజెంటు విషయానికి వస్తే, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద నమోదై ఉండాలి. నమోదైన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించి వసూలు చేయకూడదు. కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్లో నమోదైన ఏజెంట్ల పేర్లు ఎవరైనా చూసుకోవచ్చు. మిమ్మల్ని రెండు లక్షలు అడిగినవాడి పేరు అక్కడ వెతకండి. పేరు ఉన్నా ఆ మొత్తం అడగడం తప్పే. పైగా జెట్‌కు మధ్యవర్తి అనే స్థానమే లేదు. మా ప్రాంతంలో ఒక కుటుంబం పొలం తాకట్టు పెట్టి ఇలాగే డబ్బు కడితే, అబ్బాయి చేతికి వచ్చింది టీచరు వీసా కాదు, జపనీస్ భాష నేర్చుకునే విద్యార్థి వీసా. ఆ వీసా మీద వారానికి 28 గంటలకు మించి పనిచేయడానికి వీల్లేదు. ఆ కుర్రవాడు ఫీజులకూ అప్పుకూ మధ్య నలిగిపోయాడు. దయచేసి మీ నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి.

ఇప్పుడు అసలు ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తప్పుగా ఊహించుకొని వెళ్తారు. మీరు అక్కడ తరగతికి బాధ్యులు కారు. మాధ్యమిక పాఠశాలలో లైసెన్సు ఉన్న జపనీస్ ఇంగ్లిష్ టీచరు, ప్రాథమిక పాఠశాలలో సాధారణంగా తరగతి టీచరు పాఠానికి బాధ్యులు. మార్కులు వేయడం, క్రమశిక్షణ, తల్లిదండ్రులతో మాట్లాడడం వారి పని. 2020లో అమల్లోకి వచ్చిన పాఠ్యప్రణాళిక ప్రకారం మూడు, నాలుగు తరగతులకు ఏడాదికి 35 పీరియడ్ల ఇంగ్లిష్ కార్యకలాపాలు, అయిదు, ఆరు తరగతులకు 70 పీరియడ్ల సబ్జెక్టు ఉన్నాయి. చాలామంది తరగతి టీచర్లు ఇంగ్లిష్ బోధనలో శిక్షణ పొందినవారు కారు. వారు మొహమాటపడతారు, పిల్లల ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడడానికి జంకుతారు. వారిని పక్కకు నెట్టి మీరే పాఠం మొత్తం చెప్పేయడం చాలా సులభం, పిల్లలు కూడా మీ చుట్టూ మూగుతారు. అలా చేయవద్దు. మీరు వెళ్ళిపోయాక ఆ పిల్లలతో మిగిలేది ఆ టీచరే. ఆయన ఇంగ్లిష్‌లో తడబడుతూ మాట్లాడడం పిల్లలు చూడాలి, మీరు ఆయనతో సహజంగా సంభాషించడం చూడాలి. అదే వారికి అన్నిటికన్నా గొప్ప పాఠం.

ఇక్కడే మనకు ఉన్న బలం బయటపడుతుంది. మనం ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, రైల్లో హిందీ మాట్లాడి, ఇంగ్లిష్‌ను తరగతి గదిలో కూర్చుని నేర్చుకున్నవాళ్ళం. గుణుపురం సంతలో సవర భాషలో బేరమాడే వ్యాపారులు మనలో ఎంతోమంది. "మీరు ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడతారా?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. తమలాగే ఇంకో భాషతో పుట్టి, బడిలో ఇంగ్లిష్ నేర్చుకున్న మనిషి తమ ముందు నిలబడి ఉన్నాడని తెలిసినప్పుడు, వెనక బెంచీలో నోరు విప్పని పిల్లల ముఖాలు మారడం నేను ప్రతి బడిలోనూ చూశాను.

ఈ బలం ఉచ్చారణ చెప్పడంలో మరీ ఉపయోగపడుతుంది. జపాన్ పిల్లలు హల్లుతో ముగిసే ఇంగ్లిష్ మాట చివర అచ్చు చేర్చి పలుకుతారు, మధ్యలో రెండు హల్లులు కలిసినా వాటిని అచ్చుతో విడదీస్తారు. మన పిల్లలు డెస్కు, బస్సు అంటారే, ఆ అలవాటే, ఇంకాస్త బలంగా ఉంటుంది. దీన్ని ఎలా విడిపించాలో మన ఊళ్ళో మూడో తరగతికి చెప్పినవారికి తెలుసు. నేను అక్కడ చేయించిన పని ఇది. ప్రతి పిల్లా పిల్లవాడూ అరచేతిని బోర్లించి గడ్డం కింద ఆనించుకోవాలి. మొదట వారి అలవాటు ప్రకారం డెస్క్ అనే మాట పలకమంటాను. ఒకటికి మించి దెబ్బలు చేతికి తగులుతాయి. తర్వాత నేను పలికి చూపిస్తాను, గడ్డం ఒక్కసారే కిందికి దిగుతుంది. చివరి రెండు హల్లులనూ గడ్డం కదలకుండా గుసగుసగా వదలమంటాను. నియమం వివరించకుండానే, భాష అడ్డురాకుండానే, తమ తప్పు తమ చేతికే తెలుస్తుంది. పక్కనున్న టీచరు కూడా చేయి పెట్టుకొని ప్రయత్నించేవారు, పిల్లలు ఆయన గడ్డం వైపే చూసేవారు.

అలాగే మన ఉచ్చారణను మనం ముందుగా సరిచూసుకోవాలి. భారతీయ యాసను వదిలేయమని నేను ఎప్పుడూ చెప్పను, దాని అవసరం లేదు. అర్థం కాకుండా చేసే కొన్ని అలవాట్లను మాత్రం వదలాలి. తెలుగువాళ్ళం ఎగ్ అనవలసిన చోట యెగ్ అనీ, ఓపెన్ అనవలసిన చోట వోపెన్ అనీ అంటాం. జీరో, జూ వంటి మాటల్లో మొదటి ధ్వనిని జకారంగానే పలుకుతాం. వెస్ట్ అనే మాట పలికితే పడమరో, లోపలి చొక్కానో వినేవారికి తెలియదు. పెన్, టెన్, కప్ వంటి మాటల మొదట ఉండవలసిన ఊపిరి మన నోట ఉండదు. వీటన్నిటికీ తోడు వేగం. పాఠ్యపుస్తకంలోని ఒక పేజీని ఫోన్లో రికార్డు చేసి, మరుసటి రోజు వినండి. ఇంటర్వ్యూలో ఎక్కువమంది ఓడిపోయేది వ్యాకరణంలో కాదు, ఇక్కడే.

ఇంటర్వ్యూలో చిన్న పాఠం చెప్పి చూపించమని అడగవచ్చు. అప్పుడు ఉపన్యాసం ఇవ్వకండి. ఎదుట ఉన్నవారు ఇంగ్లిష్ అంతగా రాని పదేళ్ళ పిల్లలనుకొని, తక్కువ మాటలతో, వస్తువులతో, అభినయంతో వారి చేత మాట్లాడించండి. ప్రతి బడిలోనూ మీ మొదటి తరగతి స్వీయపరిచయమే అవుతుంది, దానికి ఇప్పటినుంచే సామాను సిద్ధం చేసుకోండి. నేను పర్లాకిమిడి కొమ్ము పనివారు చేసిన కొంగబొమ్మను తీసుకువెళ్ళి, ఇది ఏమిటి, దేనితో చేశారు, రాయా, చెక్కా, ప్లాస్టిక్కా అని అడిగించేవాడిని. బొమ్మ చేతులు మారుతూ తరగతి మొత్తం తిరిగేది, నున్నగా ఉన్న మెడను పిల్లలు వేలితో రాసి చూసేవారు, వాసన కూడా చూసేవారు. గేదె కొమ్ము అని తెలిసేసరికి వారు నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో సగం సేపు ప్రశ్నలు అడిగి ఉండేవారు. తాజ్‌మహల్ ఫోటో చూపిస్తే ఆ ప్రశ్నలు రావు. మీకు రాయగడ దగ్గర డొంగ్రియా కొంధ్ గిరిజనుల ఎంబ్రాయిడరీ శాలువలు దొరుకుతాయి, బరంపురం పట్టు ఉంది. చేతికి ఇచ్చి తాకనివ్వగల వస్తువునే ఎంచుకోండి.

అక్కడి జీవనం గురించి రెండు మాటలు చాలు. మధ్యాహ్న భోజనం పిల్లలతో కలిసి తరగతి గదిలోనే ఉంటుంది. మీరు శాకాహారులైతే, లేదా గొడ్డుమాంసం తినకపోతే, ముందుగానే బడికి తెలియజేసి ఇంటినుంచి డబ్బా తెచ్చుకోవడానికి అనుమతి అడగాలి. కూరగాయల పులుసులో కూడా చాలాసార్లు చేపల రసం ఉంటుంది. పల్లెప్రాంతాల్లో కారు లేకుండా కష్టం. మనదేశపు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు అక్కడ ఏడాది వరకే పనికివస్తుంది, తర్వాత అక్కడి లైసెన్సుకు మార్చుకోవాలి. మొదటి జీతం చేతికి రావడానికి నెలకు పైగా పట్టవచ్చు కాబట్టి అద్దె అడ్వాన్సుకూ ఖర్చులకూ డబ్బు దగ్గర ఉండాలి. తిరిగి వచ్చాక, పింఛనుకు కట్టిన దానిలో కొంత భాగాన్ని రెండేళ్ళలోపు దరఖాస్తు చేసుకుని తీసుకోవచ్చు.

జపాన్ కాక వేరే దేశాల సంగతి కూడా మీరు ఒక మాట అడిగారు. దక్షిణ కొరియా ఇంగ్లిష్ టీచరు వీసాను ప్రధానంగా ఏడు దేశాలవారికే ఇస్తుంది. అయితే 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్–కొరియా ఆర్థిక ఒప్పందం వల్ల మనవారికి సహాయక ఇంగ్లిష్ టీచర్లుగా వెళ్ళే వీలు కలిగింది. అందుకు డిగ్రీతో పాటు టీచరు అర్హత ధ్రువపత్రం కూడా ఉండాలి. అవకాశాలు అరుదు. ఫ్రాన్స్‌లో అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు ఏడు నెలలు, వారానికి 12 గంటల సహాయక పని ఉంది, కానీ దానికి ఫ్రెంచ్ వచ్చి ఉండాలి.

చివరిగా, మీరు అడగకపోయినా నేను చెప్పవలసిన విషయం ఒకటుంది. వెళ్ళే ముందే బి.ఎడ్. పూర్తిచేయండి. రెండేళ్ళు వృథా అవుతాయని మీకు అనిపించవచ్చు. అయితే ఇంగ్లిష్ మాధ్యమంలో బి.ఎడ్. చేస్తే మీ 12 సంవత్సరాల లెక్క 14 అవుతుంది, ఒక బడి కాగితం దొరకకపోయినా గండం గట్టెక్కుతారు. కొరియా దారి కూడా తెరుచుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, జపాన్‌లో అయిదేళ్ళు సహాయక టీచరుగా చేసిన అనుభవం ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగానికి అర్హతగా చెల్లదు. ఒడిశాలో హైస్కూలు టీచరు కావాలంటే బి.ఎడ్., రాష్ట్ర అర్హత పరీక్ష తప్పవు, ఆలోగా వయోపరిమితి దాటిపోయే ప్రమాదం ఉంది. బి.ఎడ్.లో చేసే టీచింగ్ ప్రాక్టీసులో మీరు ఒడియా మాధ్యమం బడిని ఎంచుకొని, చిన్న తరగతులకు ఇంగ్లిష్ చెప్పండి. ఆ రెండేళ్ళలోనే జపనీస్‌లో హిరగానా, కటకానా లిపులూ, మామూలు పలకరింపులూ నేర్చుకోవచ్చు. ఉద్యోగానికి జపనీస్ తప్పనిసరి కాకపోయినా, టీచర్ల గదిలో మీ పక్క కుర్చీలోని వారితో రేపటి పాఠం గురించి మాట్లాడుకోవడానికి అది కావాలి. మీ ధ్రువపత్రాలు తీసుకున్నాక వాటిలో పేరు, సంవత్సరాలు ఎలా రాశారో ఇక్కడ రాయండి, వ్యక్తిగత వివరాలు కప్పివేసి. ఏవి దిద్దించాలో చూసి చెప్తాను.